అత్తగారు మూడింటికే లేస్తారు, అబ్బాయి పదైనా లేవడు

ప్రశ్న: మా ఇంట్లో ఏడుగురం, ఏడుగురివీ ఏడు రకాల నిద్రలు. మా అత్తగారికి 71 ఏళ్ళు. రాత్రి ఎనిమిదిన్నరకల్లా పడుకుంటారు, తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటారు. మధ్యాహ్నం గంటసేపు నడుం వాలుస్తారు. అయినా "నాకు నిద్రన్నదే లేదు, ఏదైనా మాత్ర రాయించండి" అని రోజూ అడుగుతున్నారు. మా అబ్బాయికి 16. పన్నెండున్నర అయితే గానీ పడుకోడు. బడి ఉన్న రోజు ఆరింటికి లేపాలంటే యుద్ధమే. సెలవొస్తే పదిన్నర దాకా ముసుగు తీయడు. నానమ్మ వాడికి కుంభకర్ణుడని పేరు పెట్టేశారు. మావారికి 45. తనకు ఐదు గంటలు చాలంటారు, ఆదివారం మాత్రం పగలంతా నిద్రే. గురక కూడా ఎక్కువ. నాలుగేళ్ళ పాప మధ్యాహ్నం పడుకుంటే రాత్రి పదకొండైనా కళ్ళు మూయదు, పడుకోనివ్వకపోతే సాయంత్రమంతా పేచీ. మా ఆడపడుచు రెండు నెలల బాబుతో మా దగ్గరే ఉంది, వాడి సంగతి చెప్పక్కర్లేదు. నాకు 42. అందరూ పడుకున్నాక పడుకుని ఐదింటికి లేస్తాను. ఎక్కడ చూసినా ఎనిమిది గంటలు నిద్రపోవాలంటారు. అసలు ఏ వయసుకి ఎంత నిద్ర కావాలి? ఇంట్లో అందరినీ ఒకే టైముకి పడుకోబెట్టే దారి ఏమైనా ఉందా?

– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అందరినీ ఒకే టైముకి పడుకోబెట్టే దారి లేదు. మీ ఇంటికి దాని అవసరం కూడా లేదు. ఉత్తరమంతా చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, మీ ఇంట్లో కొందరికి నిద్ర నిజంగానే చాలడం లేదు. మిగతావాళ్ళకి చాలినంత ఉంది, వేళే కుదరడం లేదు. ఈ రెండు బాధలనూ ఒకే గాటన కట్టేసి, ఒకరిది బద్ధకమనీ ఇంకొకరిది చాదస్తమనీ అనుకుంటున్నారు. ఎవరిది ఏ బాధో విడదీసి చూస్తే రోజూ జరిగే గొడవల్లో సగం వాటంతటవే సద్దుమణుగుతాయి.

ఎనిమిది గంటల లెక్క ముందు తేల్చేద్దాం. అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ తరఫున నిపుణుల బృందమొకటి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడబోసి 2015లో వయసులవారీగా అంకెలు ప్రకటించింది. 18 నుంచి 64 ఏళ్ళ వాళ్ళకి 7 నుంచి 9 గంటలు, 65 దాటినవాళ్ళకి 7 నుంచి 8 అని చెప్పింది. జనం నోట నానే ఎనిమిది ఈ రెండింటిలోనూ ఉన్న ఒక అంకె, అంతకుమించి దానికి ప్రత్యేకత ఏమీ లేదు. ఏడు గంటలు పడుకుని పగలంతా చురుగ్గా ఉండే మనిషి ఇంకో గంట తక్కువైందని బెంగపెట్టుకోనక్కర్లేదు. అలాగే తొమ్మిది గంటలు పడుకుంటే గానీ తేరుకోని మనిషిని సోమరి అనీ అనకూడదు.

ఇంకొక్క విషయం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. నిద్ర రావడానికి మన ఒంట్లో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ కళ్ళు బరువెక్కుతాయి, పడుకుంటే తగ్గిపోతుంది. పగటి కునుకు దీని మీద చేసే పని, భోజనానికి ముందు చిరుతిండి ఆకలి మీద చేసే పనిలాంటిదే. రెండోది ఒంటి గడియారం. మెదడులో ఉండే ఈ గడియారం వెలుతురును చూసి పగలూ రాత్రీ గుర్తుపట్టి, చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్ విడుదలయ్యేలా చేస్తుంది. ఇలాంటి గడియారం కణాల స్థాయిలో ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రెండు ఏర్పాట్లూ వయసుతో పాటు మారతాయి. నిద్ర గంటలు తగ్గడం అందరికీ కనిపిస్తుంది. గడియారం ముందుకీ వెనక్కీ జరగడం మాత్రం ఎవరూ గమనించరు. మీ ఇంట్లో జరుగుతున్నది చాలావరకు ఈ రెండోదే.

ముందు మీ అత్తగారి సంగతి. మీరు రాసిన టైములు ఒకసారి కూడి చూడండి. ఎనిమిదిన్నర నుంచి మూడింటి దాకా ఆరున్నర గంటలు. మధ్యాహ్నం ఒక గంట. మొత్తం ఏడున్నర. మధ్యలో కాసేపు మెలకువ వస్తుందని తీసేసినా ఆమె వయసుకి తక్కువేమీ కాదు. నిద్రన్నదే లేదని ఆమె అంటున్నది అబద్ధమని మాత్రం అనుకోకండి. వయసు మీద పడేకొద్దీ ఒళ్ళు తెలియని గాఢనిద్ర తగ్గిపోతుంది, చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది. దానికితోడు గడియారం ముందుకు జరుగుతుంది కాబట్టి సాయంత్రం ఏడింటికే తూగు వస్తుంది, తెల్లవారకముందే కళ్ళు తెరుచుకుంటాయి. మూడింటికి లేచి, ఇల్లంతా నిద్రపోతుంటే ఒక్కతే చీకట్లో కూర్చునే మనిషికి ఆ మూడు గంటలే గుర్తుంటాయి. అంతకుముందు పడుకున్న ఆరున్నర గంటలు లెక్కలోకి రావు.

కాబట్టి మాత్ర కన్నా ముందు వేళ మార్చండి. ఎనిమిదిన్నరకి పడుకునే అలవాటును ఒక్కసారిగా పదింటికి మార్చమంటే ఆమె వల్ల కాదు. రెండు మూడు రోజులకొకసారి పావుగంట ఆలస్యం చేస్తూ పొండి. సాయంత్రం పొద్దువాలే వేళ ఆరుబయట వెలుతురులో అరగంట కూర్చోబెట్టండి, లేదా నడిపించండి. సాయంత్రపు వెలుతురు గడియారాన్ని వెనక్కి లాగుతుంది. తెల్లవారుజామున ఇల్లంతా లైట్లు వేసుకుంటే దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది, గడియారం ఇంకా ముందుకు పోతుంది. మూడింటికి మెలకువ వస్తే చిన్న లైటు ఒకటే వేసుకోమనండి. మధ్యాహ్నం నిద్ర మానిపించనక్కర్లేదు గానీ అరగంటకి కుదించండి, మూడు దాటాక వద్దు. కాఫీ, టీలు మధ్యాహ్నంతోనే ఆపేయాలి. కెఫీన్ చేసే పనే అడినోసిన్‌ని అడ్డుకోవడం, పైగా తాగిన ఐదారు గంటలకి కూడా అందులో సగం ఒంట్లోనే ఉంటుంది.

మాత్ర గురించి కాస్త గట్టిగానే చెబుతాను. పెద్ద వయసులో నిద్రమాత్రలు తీసుకుంటే తూలి పడటం, ఎముకలు విరగడం, మతి తడబడటం ఎక్కువవుతాయి. అమెరికాలో వృద్ధుల వైద్యుల సంఘం తయారుచేసిన మందుల జాబితా వీటిని వీలైనంతవరకు వద్దనే చెబుతుంది. బాత్రూముకని రాత్రి లేచే మనిషికి ఆ మత్తు ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. జలుబుకీ ఎలర్జీకీ వాడే కొన్ని మాత్రలు మత్తునిస్తాయి కదా అని ఇంట్లో ఉన్నవి వేసేవాళ్ళున్నారు, అవీ మంచివి కావు. దీర్ఘకాలం నిద్రలేమి ఉన్నవాళ్ళకి ముందుగా ఇవ్వాల్సింది మందులు లేని చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే స్పష్టం చేసింది. సీబీటీ-ఐ అంటారు దాన్ని. పక్క మీద గడిపే సమయాన్ని కుదించడం, నిద్ర రాకపోతే లేచి వేరే చోట కూర్చోవడం, నిద్ర పట్టదేమోనన్న భయాన్ని తగ్గించడం అందులో ఉంటాయి. అయితే ఒక్క జాగ్రత్త. ఈ మెలకువ ఈమధ్యే ఉన్నట్టుండి మొదలైందా? దేని మీదా ఆసక్తి లేకుండా, దిగులుగా ఉంటున్నారా? మూత్రానికి మూడు నాలుగుసార్లు లేస్తున్నారా? బీపీ మాత్రల్లో నీరు లాగేవి ఏమైనా సాయంత్రం వేసుకుంటున్నారా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా డాక్టరుకి చెప్పండి. డిప్రెషన్‌కి తెల్లవారుజామున వచ్చే మెలకువ ఒక గుర్తు. మాత్ర వేళ మీరే మార్చకండి, అడిగి మార్చండి.

ఇక కుంభకర్ణుడు. వాడి తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. పన్నెండున్నర నుంచి ఆరింటి దాకా అంటే ఐదున్నర గంటలు. 14 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకి కావాల్సింది 8 నుంచి 10. ఎనిమిదే అనుకున్నా రోజుకి రెండున్నర గంటల లోటు, ఐదు రోజులకి పన్నెండున్నర గంటలు. సెలవు రోజు పదిన్నర దాకా పడుకుని వాడు ఆ బాకీలో కొంతే తీర్చుకుంటున్నాడు. మీ ఇంట్లో అందరికన్నా ఎక్కువ పడుకుంటాడని పేరుపడ్డ పిల్లాడు, వయసుకి కావాల్సినదానితో పోలిస్తే, వారంలో ఐదు రోజులు అందరికన్నా తక్కువ పడుకునేవాళ్ళలో ఒకడు.

"తొందరగా పడుకోమంటే పడుకోడు కదా" అంటారు. యుక్తవయసు మొదలవగానే ఒంటి గడియారం వెనక్కి జరుగుతుంది. చిన్నప్పుడు తొమ్మిదింటికే మూతపడే కళ్ళు ఇప్పుడు పదకొండైనా మూతపడవు. మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవడం ఒక కారణమైతే, నిద్ర ఒత్తిడి చిన్నపిల్లల్లో కన్నా మెల్లగా పెరగడం ఇంకో కారణం. ఈ జరగడం ఇరవయ్యేళ్ళ ప్రాంతంలో చివరికంటా వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ ముందుకు రావడం మొదలవుతుంది. అలా ముందుకు వచ్చీ వచ్చీ డెబ్బై ఏళ్ళకి మూడింటి దగ్గర ఆగుతుంది. నానమ్మా మనవడూ ఒకే గడియారానికి చెరో చివరా ఉన్నారు. పిల్లలు పెద్దవుతుంటే నిద్ర అవసరం తగ్గుతుందని ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా అనుకున్నారు. 1970లలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మేరీ కార్స్‌కాడన్ అనే శాస్త్రవేత్త పిల్లల్ని ఏటా వేసవిలో ఒకచోట ఉంచి, వాళ్ళ నిద్రను కొలిచి చూసింది. వయసు పెరుగుతున్నా, అవకాశమిస్తే వాళ్ళు తొమ్మిది గంటలకు పైగానే పడుకున్నారు. బడులు పొద్దున ఎనిమిదిన్నరకి ముందు మొదలుపెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో చెప్పింది కూడా ఇందుకే. కాలిఫోర్నియాలో హైస్కూళ్ళకి అది చట్టమై 2022 నుంచి అమల్లో ఉంది.

మీ అబ్బాయి బడి టైము మార్చడం మీ చేతిలో లేదు. ఆరింటిని ఆరున్నర చేయడం మాత్రం ఉంది. బ్యాగు, బట్టలు, బూట్లు, సంతకం పెట్టాల్సిన కాగితాలు అన్నీ ముందు రాత్రే సర్దించండి. పొద్దున ఆ అరగంట నిద్రకి మిగులుతుంది. రాత్రి పూట ఫోను గది బయట ఛార్జింగులో ఉండాలి, మీ ఫోన్లతో సహా. వాడిదొక్కటే లాక్కుంటే అది శిక్ష అవుతుంది, వాడు ఒప్పుకోడు. స్క్రీన్ వెలుతురు గడియారాన్ని కొంత వెనక్కి నెడుతుంది. దానికన్నా, "ఇంకొక్కటి" అంటూ చూస్తూ పోవడంలో పోయే గంటే ఎక్కువ. లేవగానే కిటికీ తెర తీసి ఎండ ముఖాన పడనివ్వండి. సెలవు రోజున పదిన్నర దాకా ఉంచితే ఆ రాత్రి ఒంటిగంటకి గానీ నిద్ర రాదు, సోమవారం మళ్ళీ యుద్ధం. అలాగని ఆరింటికే లేపడం అన్యాయం. ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య లేపండి, చాలకపోతే మధ్యాహ్నం ఒక కునుకు తీయనివ్వండి. పరీక్షలప్పుడు రాత్రంతా కూర్చుని చదవడం గురించి కూడా ఒక మాట. చదివింది గుర్తుండేలా మెదడు సర్దుకునేది నిద్రలోనే. ఒంటిగంట నుంచి మూడింటి దాకా చదివినదానికి ఆ రెండు గంటల నిద్రను ఖర్చుపెట్టడం, నన్నడిగితే, నష్టపు బేరం.

పాపది చిన్న చిక్కు. 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలకి 24 గంటల్లో 10 నుంచి 13 గంటలు కావాలి, పగటి నిద్రతో కలిపే. అదంతా రాత్రే పడుకుంటుందా, కొంత మధ్యాహ్నం పడుకుంటుందా అన్నది ముఖ్యం కాదు. మూడు నుంచి ఐదేళ్ళ మధ్యలో చాలామంది పిల్లలు మధ్యాహ్నం నిద్ర మానేస్తారు, మీ పాప ఇప్పుడు ఆ మలుపులో ఉంది. ఒకరోజు కావాలి, ఇంకోరోజు అక్కర్లేదు. కొన్నాళ్ళిలాగే ఉంటుంది. భోజనం కాగానే పడుకోబెట్టి నలభై నిమిషాలకి లేపేయండి. నిద్ర రాకపోతే బలవంతపెట్టకుండా గదిలో బొమ్మలతో నిశ్శబ్దంగా ఉండనివ్వండి. మధ్యాహ్నం పడుకోని రోజు రాత్రి ఏడున్నరకే పడుకోబెట్టాలి. అక్కడే అందరూ పొరబడతారు. సాయంత్రం ఆరున్నరకి గంతులేస్తూ, సోఫా ఎక్కి దూకుతూ, ఉన్నట్టుండి ఏదో చిన్నదానికి భోరున ఏడ్చే పిల్లని చూసి "దీనికి ఇంకా నిద్ర రాలేదు" అనుకుంటాం. చిన్నపిల్లల్లో నిద్ర చాలకపోవడం చాలాసార్లు తూగులా కనిపించదు, అల్లరిలా కనిపిస్తుంది.

బాబు గురించి ఎక్కువ రాయను. రెండు నెలల వాడికి రోజుకి 14 నుంచి 17 గంటలు. అదీ రెండు మూడు గంటల ముక్కలుగా. వాడి మెదడులో గడియారం ఇంకా సరిగా మొదలవలేదు, రాత్రీ పగలూ తేడా తెలియదు. మూడో నెల నుంచి మెల్లగా కుదురుతుంది. పగలు వెలుతురులో, మాటల మధ్య ఉంచి, రాత్రి పాలిచ్చేటప్పుడు చీకటిగా, మాట్లాడకుండా ఉంటే కాస్త తొందరగా అలవాటు పడతాడు. నిద్రలో ముఖం చిట్లించడం, నవ్వడం, కాళ్ళు ఝాడించడం చూసి లేచాడనుకుని ఎత్తుకోవద్దు. పసిపిల్లల నిద్రలో దాదాపు సగం అలా కదులుతూ ఉండే నిద్రే. ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి, గట్టి పరుపు మీద, దిండూ దుప్పట్లూ బొమ్మలూ లేకుండా. అలిసిపోయిన తల్లి బాబును ఒళ్ళో పెట్టుకుని సోఫాలో నిద్రలోకి జారిపోవడం అన్నిటికన్నా ప్రమాదం. మీ ఆడపడుచుకి రాత్రి ఒక మూడు నాలుగు గంటలు తెగకుండా నిద్ర దొరికే ఏర్పాటు చేస్తే అది తల్లికే కాదు, బిడ్డకీ రక్షణే.

మీవారి ఐదు గంటల మాట నేను నమ్మను. ఆయన అబద్ధమాడుతున్నారని కాదు, ఆయనకే తెలియకపోవచ్చు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని రెండు వారాలు రాత్రికి నాలుగు, ఆరు, ఎనిమిది గంటల చొప్పున పడుకోనిచ్చారు. ఆరు గంటలో అంతకన్నా తక్కువో పడుకున్నవాళ్ళ చురుకుదనం రోజురోజుకీ పడిపోయి, ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రపోని వాళ్ళ స్థాయికి చేరింది. వాళ్ళని అడిగితే మాత్రం పెద్దగా నిద్రమత్తేమీ లేదనే చెప్పారు. అలవాటైపోయిందని మనిషికి అనిపిస్తుంది, మెదడుకి అలవాటు కాదు. పుట్టుకతోనే తక్కువ నిద్ర చాలేవాళ్ళు లోకంలో లేరని కాదు. డెక్2 అనే జన్యువులో మార్పు ఉండి ఆరు గంటల చిల్లరతో హాయిగా ఉండే తల్లీకూతుళ్ళని 2009లో గుర్తించారు. కానీ అలాంటివాళ్ళు బాగా అరుదు. వాళ్ళని గుర్తుపట్టడమూ తేలికే. అలారం లేకుండా లేస్తారు, సెలవు రోజూ అంతే పడుకుంటారు. ఆదివారం పగలంతా పడుకునే మనిషికి ఐదు గంటలు చాలడం లేదని ఆయన ఒళ్ళే చెబుతోంది.

నాకు అంతకన్నా ఎక్కువ అనుమానం ఆ గురక మీద. గురక పెట్టే వాళ్ళందరికీ జబ్బు ఉండదు. కానీ ఒక రాత్రి మెలకువగా ఉండి వినండి. గురక పెరుగుతూ పెరుగుతూ ఠక్కున ఆగిపోయి, పది పదిహేను సెకన్లు నిశ్శబ్దం, ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరై గట్టిగా ఊపిరి లాగడం, మళ్ళీ గురక. ఇలా ఉంటే ఫోనులో రికార్డు చేయండి. మీరు చెబితే నమ్మకపోవచ్చు, వింటే నమ్ముతారు. అది స్లీప్ ఆప్నియా కావచ్చు. గొంతు దగ్గర దారి మూసుకుపోయి గాలి ఆగిపోవడం, ఊపిరి కోసం మెదడు ఉలిక్కిపడి లేవడం, రాత్రికి పదులసార్లు జరుగుతుంది. లేచిన సంగతి మనిషికి గుర్తుండదు. పొద్దున్నే తలనొప్పి, నోరు ఎండిపోవడం, బీపీ, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు దీని గుర్తులు. ఈ జబ్బున్న వాళ్ళు పది గంటలు పడుకున్నా తేరుకోరు. స్లీప్ స్టడీ అనే పరీక్షతో తేలుతుంది, గాలిని నెట్టి గొంతు దారి మూసుకుపోకుండా చూసే సీపాప్ అనే మాస్కుతో చాలామందికి మొదటి వారంలోనే తేడా తెలుస్తుంది. అప్పటిదాకా ఆయన రాత్రిపూట దూరం బండి నడపకుండా చూసుకోండి. ఇది మాత్రం వాయిదా వేయవద్దు.

అందరి గురించీ వివరంగా రాసి మీ గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు. అబ్బాయి పన్నెండున్నరకి పడుకుంటే, అందరి తర్వాత పడుకునే మీకు దక్కేది నాలుగున్నర గంటలు. ఇంట్లో నిద్ర నిజంగా చాలని వాళ్ళ జాబితాలో మొదటి పేరు మీదే. మీ వయసుకి కనీసం ఏడు గంటలు కావాలి. అవి ఎక్కణ్ణుంచి వస్తాయంటారా?

ఇంట్లో అందరి వేళలూ వేరువేరుగా ఉండటం మీకు తలనొప్పిగా కనిపిస్తోంది. టాంజానియాలో హడ్జా అనే తెగ ఉంది, ఇప్పటికీ వేటాడి, దుంపలు తవ్వుకుని బతుకుతారు. వాళ్ళలో 33 మంది పెద్దవాళ్ళ నిద్రను ఇరవై రోజుల పాటు చేతికి పరికరం కట్టి కొలిచి 2017లో ఫలితాలు ప్రచురించారు. అన్ని రోజుల్లోనూ అందరూ ఒకేసారి గాఢంగా నిద్రలో ఉన్నది మొత్తం కలిపి 18 నిమిషాలే. ముసలివాళ్ళు తొందరగా లేస్తే, కుర్రవాళ్ళు ఆలస్యంగా పడుకుంటారు. ఎవరో ఒకరు ఎప్పుడూ మెలకువగా ఉంటారు. మనిషి గుంపుగా బతికిన కాలంలో ఇది కాపలాగా పనికొచ్చి ఉంటుందని ఆ పరిశోధకుల ఊహ. మీ ఇంటికి కాపలా అక్కర్లేదు గానీ, పని పంచుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకదు.

పదకొండు దాకా ఎలాగూ మేలుకునే ఉండే తండ్రీకొడుకులు ఇద్దరున్నారు. గిన్నెలు సర్దడం, తలుపులు వేయడం, పొద్దుటికి కావాల్సినవి తీసిపెట్టడం వాళ్ళకి వదిలేసి మీరు పదింటికి పడుకోండి. మొదట్లో సరిగా చేయరు. చేయనివ్వండి, లేచి సర్దకండి. ఆడపడుచు రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా నిద్రపోయేలా ఆ మూడు గంటలు బాబును మీవారు చూసుకోవచ్చు. ఆయన ఆ తర్వాత ఏడింటి దాకా పడుకోవాలి, అది షరతు. అబ్బాయిని మాత్రం పదకొండు దాటాక ఏ పనికీ పిలవద్దు. అత్తగారి వేళ నాలుగున్నర, ఐదుకి వచ్చాక పొద్దున బాబు లేస్తే ఎత్తుకోవడం, పాపను లేపడం ఆవిడకి అప్పగించండి. ఊరికే కూర్చున్న మూడు గంటలు బరువు గానీ, చేతిలో మనవడున్న గంట బరువనిపించదు. అప్పుడు మీరు ఐదున్నర, ఆరింటికి లేచినా ఇల్లు ఆగదు. పది నుంచి ఐదున్నరకి ఏడున్నర గంటలు.

ఇన్నేళ్ళ అలవాటు కాబట్టి మొదటి వారం పదింటికి పడుకున్నా నిద్ర రాకపోవచ్చు. అలాంటప్పుడు పక్క మీద దొర్లకుండా లేచి మసక వెలుతురులో కూర్చుని, తూగు వచ్చాకే పడుకోండి. పడుకునే వేళ కన్నా లేచే వేళ మారకుండా చూసుకోవడం ముఖ్యం, అది స్థిరంగా ఉంటే రెండోది దారికొస్తుంది. మూడు వారాలు ఏడు గంటలకి తగ్గకుండా పడుకున్నా పగలు నీరసం వదలకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. పడుకోగానే కాళ్ళలో ఏదో పాకుతున్నట్టు ఉండి, కదిపితే గానీ స్థిమితంగా ఉండలేకపోతే ఒంట్లో ఐరన్ తగ్గడం కూడా కారణం కావచ్చు. నలభైల్లో హార్మోన్లు మారడం మొదలవుతుంది. పీరియడ్స్ వరస తప్పి, రాత్రిళ్ళు చెమటలు పట్టి మెలకువ వస్తుంటే ఆ సంగతి కూడా డాక్టరుకి విడిగా చెప్పండి, దానికి వైద్యం ఉంది.